ట్రంకు రోడ్డు స్టూడియోలో ఉండిన ‘రాకెట్ కుర్చీ’ మా ఇంటికొచ్చింది: బాగు చేయించాలా, అట్టే ఉంచాలా?

పెన్నా గట్టు | నెల్లూరు | మే 9, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గాని ఎప్పుడూ రాయలేదు. ఇవాళ ఒక కుర్చీ కోసం రాస్తున్నాను.

ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక ఫోటో స్టూడియో ఉండేది. ఎనభైల్లో పిల్లల పుట్టినరోజు ఫోటో అంటే మా వీధి వాళ్లంతా అక్కడికే పోయేవాళ్లు. వెనక తెర మీద చందమామ, నక్షత్రాలు. తెర ముందు గుండ్రటి తెల్ల కుర్చీ. పెద్ద బూడిద గుమ్మడికాయకి ముందువైపు చెక్క కోసి, గుజ్జంతా తీసేసి, లోపల ఎర్ర రెక్సిన్ పరిచినట్టు ఉంటుంది. ఒంటికాలి మీద గిరగిరా తిరుగుతుంది. పిల్లలందరం దాన్ని రాకెట్ కుర్చీ అనేవాళ్లం. మా నాన్న శ్రీహరికోటలో టెక్నీషియన్, కాబట్టి ఆ కుర్చీ మీద నాకు మిగతా వాళ్లకంటే ఎక్కువ హక్కు ఉందనుకునేదాన్ని. నాలుగేళ్లప్పుడు అందులో కూర్చుని దిగిన ఫోటో మా హాల్లో ఇప్పటికీ ఉంది.

పోయిన నెల స్టూడియో మూసేశారు. సామాన్లన్నీ పాత ఇనుము బండికి వేస్తున్నారని తెలిసి పరిగెత్తుకుని పోయాను. యజమాని గారు నా చిన్నప్పటి ఫోటో చూసి, డబ్బులు వద్దమ్మా, తీసుకుపో అన్నారు. ప్రస్తుతం మా కారు షెడ్డులో ఉంది.

పరిస్థితి చెబుతాను. వెడల్పు 104 సెంటీమీటర్లు, లోతు 92. తెలుపంతా పసుపు తిరిగింది. వీపు వెనక అడుగు పొడవున పగులు ఉంది. రెక్సిన్ చిట్లి, లోపలి స్పంజి ముట్టుకుంటే చోడిపిండిలా రాలుతోంది. కింద పైపు తుప్పు పట్టింది. తిప్పితే కిర్రుమంటుంది, కానీ తిరుగుతుంది.

నాన్నకి ఇప్పుడు నడుము పట్టేసి ఎక్కువసేపు మామూలు కుర్చీలో కూర్చోలేకపోతున్నారు. ఇది బాగుచేసి ఆయనకి ఇవ్వాలని ఉంది. అసలు ఇదేం కుర్చీ? ఎవరి దగ్గరికి తీసుకుపోవాలి?

పొగతోట పిల్ల | నెల్లూరు | మే 9, రాత్రి 10:05

అక్కా, నేనూ కూర్చున్నాను అందులో! లోపల తల పెట్టి మాట్లాడితే మన గొంతు మనకే వేరేగా వినిపించేది. ఫోటో తీసే అన్న ఎంత పిలిచినా బయటికి రాకపోతే అమ్మ కాళ్లు పట్టుకుని లాగింది. దయచేసి పారేయకండి.

కొలబద్ద | ఒంగోలు | మే 10, ఉదయం 6:50

అమ్మా, ఫోటోలు చూశాను. నేను ఫర్నిచర్ డిజైన్ పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

దీని మూలం బాల్ చైర్. ఫిన్లాండ్ డిజైనర్ ఏరో ఆర్నియో 1963లో తయారు చేశాడు. 1966లో జర్మనీలోని కొలోన్ ఫర్నిచర్ ప్రదర్శనలో పెట్టాక లోకమంతా చూసింది. మీ దగ్గరున్నది అసలుది కాదు. ఆ ఆకారం చూసి ఇక్కడే ఎవరో ఫైబర్ పనివాళ్లు పోసింది. అసలుది సుమారు 110 సెంటీమీటర్ల వెడల్పు, 97 లోతు, 120 ఎత్తు ఉంటుంది. కింద పాదం బాకాని తలకిందులుగా నిలబెట్టినట్టు ఒకే ఒంపులో పోతుంది. మీదానికి నీళ్ల పైపుని రేకుకి వెల్డింగ్ చేశారు.

అయినా తక్కువగా చూడకండి. అసలు కుర్చీ పుట్టిన తీరు వింటే మీకు ధైర్యం వస్తుంది. ఆర్నియో అప్పుడే సొంతంగా పని మొదలుపెట్టాడు. ఇల్లుంది, ఇంట్లో చెప్పుకోదగ్గ పెద్ద కుర్చీ లేదు. తనే చేసుకుందామనుకున్నాడు. అసలు కొలతలో గీసిన బొమ్మని గోడకి అంటించి, దాంట్లో కూర్చున్నట్టు తను ఒదిగితే, తల ఎక్కడిదాకా కదులుతుందో భార్య గోడ మీద గీసింది. ఎత్తు అలా తేలింది. ఆకారం బంతి కాబట్టి మిగతా గీతలు సులువే, గుమ్మంలో పట్టాలన్న ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకున్నాడు. మొదటి కుర్చీని తన చేత్తోనే చేశాడు. ప్లైవుడ్ చట్రం, దాని మీద తడి కాగితం, ఆపైన ఫైబర్‌గ్లాస్. గ్లైడర్ విమానం ఒళ్లు కట్టే పద్ధతి అది. చివర్లో లోపలి గోడకి ఒక ఎర్ర టెలిఫోన్ కూడా బిగించాడు. తర్వాత ఆస్కో అనే ఫర్నిచర్ కంపెనీ మేనేజర్లు వేరే పని మీద ఇంటికొచ్చి దాన్ని చూశారు. ఆ తర్వాతే అది మార్కెట్‌లోకి పోయింది.

అరవైల చుట్టూ ఉన్న ఆ పదిహేనేళ్లు కుర్చీలకి పండగ. అప్పట్లో ఇళ్లలో వస్తువులన్నీ నున్నగా, గుండ్రంగా, నేలను వదిలి తేలుతున్నట్టు చేయాలన్న తపన ఉండేది. 1957లో స్పుత్నిక్ ఎగిరాక ఆ ఊపు ఇంకా పెరిగింది. బల్లల కింద, కుర్చీల కింద కాళ్ల గందరగోళం తీసేయాలని అమెరికాలో ఏరో సారినెన్ అనే డిజైనర్ ట్యులిప్ కుర్చీని ఒకే కాడ మీద నిలబెట్టాడు. 1958లో డెన్మార్క్ డిజైనర్ ఆర్నె యాకబ్సెన్ కోపెన్‌హేగెన్ హోటల్ కోసం ఎగ్ చైర్ చేశాడు. ఇటలీలో జో కొలంబో 1963లో ఎల్డా అనే పెద్ద ఫైబర్ కుర్చీ చేసి దానికి భార్య పేరు పెట్టాడు. ఆర్నియోనే 1968లో పారదర్శకంగా బబుల్ చైర్ చేశాడు. లోపలికి అన్నివైపుల నుంచీ వెలుతురు రావాలని ఆయన కోరిక. పారదర్శకమైన గోళానికి అందంగా పాదం పెట్టే దారి కనబడక పైకప్పు నుంచి గొలుసుతో వేలాడదీశాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే, కానీ మన స్లాబులకి కొక్కెం వేయాలంటే ఇంజనీరుని అడగాల్సిందే.

1973లో చమురు ధరలు పెరిగాక ప్లాస్టిక్ ఫర్నిచర్ ఊపు తగ్గిపోయింది. రేపు ఇలా ఉంటుందని నిన్నటివాళ్లు కన్న కలలాగా ఆ కుర్చీలు మిగిలాయి. మీ స్టూడియో వాళ్లు దాని వెనక చందమామ తెర కట్టారంటే ఆ సంగతి వాళ్లకి బాగా తెలిసినట్టే.

మైపాడు అల | మైపాడు | మే 10, మధ్యాహ్నం 1:30

అక్కా, నేను ఫైబర్ బోట్లు రిపేరు చేస్తాను. కొలబద్ద సార్ చెప్పింది చదివాక ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే ఆయన రాసిన పద్ధతి అచ్చంగా మా పనే. 2004 సునామీ తర్వాత మా తీరంలో చెక్క తెప్పలు తగ్గి ఫైబర్ బోట్లు ఎక్కువయ్యాయి. గాజు నారతో చేసిన మ్యాట్, దాన్ని గట్టిపరిచే జిగురు రెజిన్, ఈ రెండే. నీ కుర్చీ కూడా అంతే, కాబట్టి సోఫా షాపుకి మొదట తీసుకుపోవద్దు. ముందు ఒళ్లు బాగుచేయాలి, తర్వాత బట్ట.

ఒక పని చెయ్యి. రూపాయి బిళ్ల తీసుకుని పగులు చుట్టూ తట్టుకుంటా రా. గట్టిగా ఉన్న చోట టంగుటంగుమని మోగుతుంది. పొరలు విడిపోయిన చోట మొద్దుగా, తడి గోడ తట్టినట్టు వినిపిస్తుంది. అట్టా వినిపించిన చోటల్లా పెన్సిల్‌తో గీత గియ్యి. మేము బోటు కొనేముందు ఇట్టాగే చూస్తాం. సాలెగూడులా సన్న గీతలు పైపైన ఉంటే భయం లేదు, అది పైన ఉండే నున్నటి రంగు పొర, జెల్‌కోట్ ఒక్కటే. గోరు దిగే పగులైతే మ్యాట్ దాకా పోయినట్టు.

పాతదే బంగారం | కందుకూరు | మే 10, సాయంత్రం 5:15

అమ్మా, నా మాట వేరు. పాత వస్తువులకి పసుపు రంగు కూడా వయసు గుర్తు. పగులుని లోపలి వైపు నుంచి ఆపండి, అంతవరకే. పైన కొత్త రంగు కొట్టిస్తే అది షోరూములో కుర్చీ అయిపోతుంది, మీ ఫోటోలో కుర్చీ కాదు. మా తాతగారి భోషాణానికి పాలిష్ పెట్టించి నేను ఇప్పటికీ బాధపడుతున్నాను. ఆయన వేళ్లు తగిలి నల్లబడిన మూత అంచు ఒక్క పూటలో పోయింది.

పెన్నా గట్టు | నెల్లూరు | మే 10, రాత్రి 9:45

తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే తట్టాను. నాన్న పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని విన్నారు. పగులుకి ఎడమవైపు అరచేయంత మేర మొద్దుగా వినిపించింది. మిగతాదంతా గంటలా మోగింది. పగులు మాత్రం గోరు దిగేటంత ఉంది.

ఈ పనిలో ఉండగా నాన్న మన దేశం మొదట చేసిన ఉపగ్రహ రాకెట్టు గురించి ఒక మాట చెప్పారు. ఎస్‌ఎల్‌వి-3 పై దశల మోటారు కేసులు, అంటే ఇంధనం నింపే గొట్టాలు కూడా ఫైబర్ కలిసిన ప్లాస్టిక్‌తోనే చేసేవారట. 1979 ఆగస్టులో మొదటిసారి పైకిపోయి సముద్రంలో పడినప్పుడూ, 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడూ ఆయన అక్కడే డ్యూటీలో ఉన్నారు. అప్పట్లో శ్రీహరికోట మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, రాకెట్టుదీ దీనిదీ ఒకే జాతి అన్నారు. పిల్లలు పెట్టిన పేరు సరిపోయింది.

కందుకూరు అన్నా, మీ మాట నన్ను ఆపింది. రంగు గురించి ఇంకా ఏమీ అనుకోలేదు.

మైపాడు అల | మైపాడు | మే 11, ఉదయం 5:40

రంగు వద్దులే అక్కా, కందుకూరు అన్నతో నేనూ ఒప్పుకుంటా. జెల్‌కోట్ ఎండకి పసుపు తిరిగేది పైపొర వరకే. కింద వైపు కనబడని చోట అరచేయంత మేర 800 నంబరు నీళ్ల పేపరుతో (తడిపి రుద్దే గరుకు కాగితం), తర్వాత 1200, 2000తో రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి చూడు. లోపల పాల తెలుపు ఉంటే మొత్తం అట్టాగే చేసుకోవచ్చు. పాతది పాతదిగానే ఉంటుంది, మురికి పోతుంది.

పగులు పని ఇట్టా చెయ్యాలి. రెండు చివర్లా చిన్న బెజ్జం వేస్తే పగులు ముందుకి పాకదు. లోపలి వైపు నుంచి పగులుకి అటూ ఇటూ మూడంగుళాలు గ్రైండర్‌తో ఏటవాలుగా దించాలి. మొద్దుగా మోగిన చోట పాత మ్యాట్ ఊడేదాకా తీసెయ్యాలి. తర్వాత 450 మ్యాట్ (చదరపు మీటరుకి 450 గ్రాములు తూగేది) మూడు పొరలు, ఒకదాని కంటే ఒకటి వెడల్పుగా. బ్రష్‌తో కొట్టి, రోలరుతో గాలి బుడగలు పోగొట్టాలి. బుడగ ఉంటే మళ్లీ అక్కడే పగులుతుంది.

ఇంట్లో చేసుకుంటామనేవాళ్లకి ఒక సంగతి గట్టిగా చెబుతున్నా. రెజిన్ గట్టిపడటానికి కోబాల్ట్, హార్డెనర్ అని రెండు ద్రవాలు కలుపుతాం. కోబాల్ట్‌ని, హార్డెనర్‌ని నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ కలపకూడదు. మండుతుంది, పేలుతుంది కూడా. ముందు రెజిన్‌లో కోబాల్ట్ బాగా కలిపేసి, ఆ తర్వాతే హార్డెనర్. ఇప్పుడు రోహిణి కార్తె దగ్గరపడింది, హార్డెనర్ నూటికి ఒక పాలు మించితే డబ్బాలోనే గడ్డకట్టి పొగలు వస్తాయి. మేం తెల్లారుజామున మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగిస్తాం. గ్రైండింగ్ అప్పుడు మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

నువ్వు కుర్చీని మైపాడు తీసుకురా. కూలి వద్దు, రెజిన్ డబ్బులివ్వు చాలు. నాకూ ఇట్టాంటి గుండ్రటి పని చెయ్యాలని ఉంది.

నున్న రాయి | సింగరాయకొండ | మే 11, ఉదయం 11:10

తమ్ముడూ, కుర్చీ మీ దగ్గరికి వస్తే దాని మీద ఒక మౌల్డ్, అంటే అచ్చు, తీసి ఉంచండి. కేఫ్‌ల వాళ్లు ఇలాంటివి అడుగుతున్నారు. పది పోస్తే పది అమ్ముడుపోతాయి.

కొలబద్ద | ఒంగోలు | మే 11, మధ్యాహ్నం 12:25

అన్నా, అది మాత్రం వద్దు. ఆర్నియో గీసిన కుర్చీ ఇప్పటికీ ఫిన్లాండ్ వైపు అసలు పేరుతో తయారవుతోంది. ఎప్పుడో ఎవరో పోసిన ఒక్క నకలుని ఇంట్లో కూర్చోడానికి బాగుచేసుకోవడం వేరు, దాని మీద అచ్చు తీసి వ్యాపారం చేయడం వేరు. ఫైబర్ పని వచ్చినవాళ్లు మన తీరం పొడుగునా ఉన్నారు. వాళ్ల చేతికి మన సొంత ఆకారం ఒకటి ఇద్దాం. తాటి బుర్ర ఉంది, శంఖం ఉంది, బోటు ముక్కు ఉంది. అందులోంచి ఒక కుర్చీ రాదా? నేను గీస్తాను, ఎవరైనా పోస్తారా?

నున్న రాయి | సింగరాయకొండ | మే 11, మధ్యాహ్నం 2:00

సార్, కొనేవాళ్లు ఫోటో చూపించి ఇదే కావాలంటారు, శంఖం అడగరు. పని లేక ఖాళీగా ఉన్న కుర్రాళ్లు నా కళ్ల ముందు ఉన్నారు, అందుకే అడిగాను.

మైపాడు అల | మైపాడు | మే 11, రాత్రి 8:30

అక్క కుర్చీ మీద మౌల్డ్ తీయను అన్నా, అక్క నమ్మి పంపిస్తోంది. కొలబద్ద సార్, మీరు బోటు ముక్కు గీసి పంపండి. చేపల వేట నిషేధం రోజులు ఇవి, కొంచెం తీరిక ఉంది.

కావలి కుషన్ | కావలి | మే 12, ఉదయం 10:15

అక్కా, బట్ట సంగతి నేను చెబుతాను. ఇరవై ఏళ్లుగా కుషన్ పని చేస్తున్నాం.

మళ్లీ రెక్సిన్ వేయించొద్దు. బంతి లోపల గాలి ఆడదు. నెల్లూరు ఎండలో పావుగంటకే వీపు తడిసి అంటుకుపోతుంది. మందం కాటన్ వేయండి, జిప్పు పెట్టి ఊడదీసి ఉతుక్కునేలా కుట్టిస్తే మేలు. గుండ్రటి లోపలికి ఒకే ముక్క గుడ్డ కూర్చోదు, ముడతలు పడుతుంది. పనసతొనల్లా ఎనిమిది ముక్కలు కోసి, కుట్టు కుట్టుకీ పైపింగ్, అంటే లోపల తాడు పెట్టి కుట్టిన సన్న అంచు, పెట్టాలి. ముందు పాత న్యూస్‌పేపర్‌తో ఒక తొన కోసి లోపల అతికించి చూడండి. అది సరిగ్గా కూర్చుంటే మిగతా ఏడూ కూర్చుంటాయి.

నాన్నగారి నడుముకి మెత్తగా వద్దు. కింద సీటుకి 40 డెన్సిటీ ఫోమ్ నాలుగంగుళాలు, పక్కలకి ఒక అంగుళం. నడుము ఆనేచోట విడిగా ఒక దిండు ఇవ్వండి, ఆయనే పైకీ కిందకీ జరుపుకుంటారు. సీటు ఎత్తు కూడా కొలవండి. మరీ లోతుగా కూర్చుంటే పెద్దవాళ్లకి లేవడం కష్టం. నేల నుంచి 18 అంగుళాలుంటే మోకాళ్ల మీద బరువు పడకుండా లేస్తారు.

పెన్నా గట్టు | నెల్లూరు | మే 12, రాత్రి 9:00

ఈ దిండు మాట నాకు తట్టనే లేదు. ఎరుపే వేయిస్తున్నా, ఫోటోలో ఉన్నట్టు.

కింద పైపు మీద ఎవరైనా చెప్పండి. నాన్న చెయ్యి ఆనించి లేచేటప్పుడు కుర్చీ ఒరిగితే ఎట్టా అని నాకు టెన్షన్‌గా ఉంది.

గెలాక్సీ రాయి | చీమకుర్తి | మే 13, ఉదయం 7:30

ఒరగకుండా ఉండాలంటే బరువు కిందనే ఉండాలమ్మా. మా ఊరి బ్లాక్ గెలాక్సీ పలక వేయించండి. 75 సెంటీమీటర్ల గుండ్రం, 5 సెంటీమీటర్ల మందం తీసుకుంటే 60 కిలోలు దాటుతుంది. నల్ల రాయిలో బంగారు చుక్కలు. రాత్రి దీపం కింద చూస్తే ఆకాశమే. మీ స్టూడియో తెర లేని లోటు అదే తీరుస్తుంది.

జాగ్రత్తలు రెండు. బెజ్జాలు సుత్తి డ్రిల్లుతో వేయించొద్దు, రాయి చీలుతుంది. నీళ్లు పోస్తూ కోర్ కట్టర్‌తో వేయాలి. రెండోది, బోల్టుని రాయికే బిగించొద్దు. కింద ఒక ఇనుప ప్లేటు, పైన ఒక ప్లేటు, మధ్యలో రాయి, రెండు వైపులా రబ్బరు ఉండాలి. పాలిష్ యూనిట్లలో చిన్న పలకలు మిగిలిపోయి ఉంటాయి, అవి చవకగా ఇస్తారు. ఒకటి చూసి పెడతాను.

తిరగడానికి పాత బేరింగ్ తీసేయండి. ట్రాక్టర్ ముందు చక్రానికి వేసే టేపర్ బేరింగులు రెండు, ఒకటి పైకి ఒకటి కిందకి వేస్తే కూర్చున్న బరువుతో పాటు పక్కకి లాగే బరువు కూడా తట్టుకుంటాయి. ఏ లేత్ షాపులో అయినా హబ్ తిప్పి ఇస్తారు.

కొలబద్ద | ఒంగోలు | మే 13, ఉదయం 9:10

రాయి ఆలోచన చాలా బాగుంది. ఒక్కటి అడుగుతాను, గుమ్మం కొలిచారా అమ్మా? ద్వారబంధం బయటి కొలత కాదు, లోపలి సందు కావాలి.

పెన్నా గట్టు | నెల్లూరు | మే 13, రాత్రి 8:15

కొలిచాను. ముందు గుమ్మం లోపలి సందు 86 సెంటీమీటర్లు. కుర్చీ లోతే 92. ఆర్నియో గుర్తుపెట్టుకున్నది మా ఇల్లు కట్టిన మేస్త్రి గుర్తుపెట్టుకోలేదు! దొడ్డి గుమ్మం ఇంకా ఇరుకు. ఇన్ని రోజులు పగులు గురించే ఆలోచించాను గాని ఇది చూడలేదు. చాలా దిగులుగా ఉంది.

పొగతోట పిల్ల | నెల్లూరు | మే 13, రాత్రి 8:40

అక్కా, హాల్లో కిటికీ ఎంత?

పెన్నా గట్టు | నెల్లూరు | జూన్ 15, రాత్రి 10:10

నెల దాటింది, క్షమించండి. జరిగిందంతా చెబుతాను.

హాలు కిటికీ లోపలి కొలత 107 సెంటీమీటర్లు. గ్రిల్‌ని బోల్టులతోనే బిగించి ఉన్నారు, వెల్డింగ్ చేసే అబ్బాయి గంటలో విప్పేశాడు. కుర్చీ ఒంటిని పాదం లేకుండా దుప్పట్లో చుట్టి, పక్కింటి వాళ్లిద్దరూ, మైపాడు తమ్ముడూ, నేనూ ఎత్తాం. పైనా కిందా కలిపి మూడు సెంటీమీటర్లు, అంటే రెండు వేళ్ల సందు మిగిలింది. నాన్న లోపలి నుంచి, ఎడమకి, ఇంకొంచెం ఎడమకి, ఆగండి అని చెబుతూ ఉన్నారు. ఆయన గొంతు అంత గట్టిగా విని చాలా కాలమైంది.

పగులు బయటికి సన్నటి గీతలా కనబడుతుంది. కావాలనే దాన్ని పూర్తిగా పూడ్చలేదు. రుద్దాక పాల తెలుపు వచ్చింది, కానీ కింద అంచున చేయంత మేర పసుపు అలాగే వదిలేశాం, కందుకూరు అన్న కోసం. ఎర్ర కాటన్ ఎనిమిది తొనలు. నాలుగో తొన దగ్గర పైపింగ్ కొంచెం వంకరపోయింది, నేనే కుట్టాను. చీమకుర్తి రాయి వచ్చినరోజు మా పిల్లాడు దాని మీద టార్చిలైటు వేసుకుని ఆ చుక్కలు ఎన్నో లెక్కపెట్టాడు.

నాన్న కూర్చోగానే మొదట ఏమీ మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు, వీధిలో ఆటోల గోల లోపలికి సగమే వస్తాయి. కాసేపటికి తన గొంతు తనకి వినిపించేలా మెల్లగా అంకెలు లెక్కపెట్టారు, పది నుంచి కిందకి. తర్వాత కాలితో నేలని కొద్దిగా తోసి దక్షిణం కిటికీ వైపు తిరిగారు. రాకెట్టు పోయేది ఆ వైపే. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం పేపరు అందులోనే చదువుతున్నారు, ఎవరి సాయం లేకుండా లేస్తున్నారు.

చీమకుర్తి అన్నా, ఒక అనుమానం. ఆ బేరింగులకి గ్రీజు ఎన్నాళ్లకోసారి పెట్టాలి?

గెలాక్సీ రాయి | చీమకుర్తి | జూన్ 16, ఉదయం 6:30

ఇంట్లో తిరిగేదానికి ఏడాదికి ఒకసారి చాలమ్మా. అక్టోబరు వానలకి ముందు పెట్టండి. పై మూత గట్టిగా బిగించండి, నేల తుడిచిన నీళ్లు లోపలికి పోకూడదు. ఫోటో పెట్టండి, నాన్నగారు కూర్చున్నది.